అప్పాజీ లారీ దిగిన వేసవి

అప్పాజీ లారీ తోలడం గురించి మా కాలువ గట్టు మీద తిరిగే మాటల్లో సగం అతను చెప్పినవి, మిగతా సగం వాటికి జనం అతికించినవి. కొబ్బరికాయల లోడుతో ఇండోర్ బయల్దేరితే తుని గేటు దగ్గర రైలే ఆగి ముందు అతన్ని పోనిచ్చిందని ఒకటి. ఘాట్‌రోడ్డులో బ్రేకులు పోతే ఉత్త గేర్ల మీద లారీని కిందికి దింపాడని, దిగాక చూస్తే క్యాబిన్లో గ్లాసు నిండా పెట్టిన టీ చుక్క కూడా ఒలకలేదని ఇంకొకటి. ఆ గ్లాసు స్వయంగా కడిగానని చెప్పేవాడు కూడా మా గట్టు మీద ఉన్నాడు. అలాంటి అప్పాజీ తొంభై తొమ్మిది వేసవిలో రెండేళ్లు నిండని కూతురికి పిలక కట్టడం చేతకాక అరుగు మీద కూర్చుని చెమటలు కక్కాడు. ఈ ముక్కకి మాత్రం ఎవరూ ఏమీ అతికించలేదు. అతికించాల్సిన అవసరం రాలేదు.

అతని భార్య నాగేశ్వరిది ఉప్పాడ, మగ్గం నేసే ఇంటి పిల్ల. పెళ్లికి ముందే నర్సు ట్రైనింగ్ పూర్తి చేసింది. ఉద్యోగం కోసం ఎదురుచూసి చూసి, పెళ్లయి, పిల్ల పుట్టి, ఇక రాదులే అని సర్టిఫికెట్లు ట్రంకుపెట్టె అడుగున చీరల కింద పడేశాక వచ్చింది పోస్టింగు. గోదావరి మధ్యన ఒక లంక ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం. పొద్దున్నే బస్సెక్కి కోటిపల్లి రేవుకి పోవాలి, పడవ దాటాలి, అవతల ఇసకలో నడవాలి. సాయంత్రం మళ్లీ అదంతా వెనక్కి. చేరకపోతే ఆ కుర్చీ కోసం కాచుకున్నవాళ్లు బోలెడు మంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. పిల్ల హేమశ్రీని ఎవరు చూడాలి? అప్పాజీ తల్లి అతని పెళ్లికి ముందే పోయింది. నాగేశ్వరి తల్లి ఉప్పాడ నుంచి వచ్చి కొన్నాళ్లు ఉంది గాని, మగ్గం మీద చీర సగంలో ఆగిపోయిందని కబురొస్తే ఉండలేక వెళ్లిపోయింది. పక్కింటి రత్నమాణిక్యం గారు నేను చూస్తానులే అంది. మంచి మనిషే. కాని ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసిందంటే ఇంటి పెంకులు లేచి ఎదురింటి మీద పడినా కన్ను తెరవదు. అలవాటు చేద్దామని పిల్లని అక్కడ ఉంచితే రెండోనాడే హేమ ఆవిడ కుక్క పక్కన చతికిలబడి, దాని పళ్లెంలోనే మజ్జిగన్నం తింటూ కనిపించింది. కుక్క మర్యాదగా పక్కకి జరిగి చోటిచ్చిందని మాణిక్యం గారు తన తరఫున ఒక మంచిమాట చెప్పుకుంది.

ఆ సాయంత్రం నాగేశ్వరి మామూలు గొంతుతోనే, నేను చేరనండి అంది. ఏడవలేదు, మొహం ముడుచుకోలేదు. కూరలోకి ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. అప్పాజీ సరే అనబోయాడు. ఆ సరే అతని నోట్లోంచి రాకపోవడానికి కారణం ముందురోజు చూసిన సంగతి. లారీ మరమ్మతుకిచ్చి నడుచుకుంటూ ఇంటికొస్తే, కిటికీలోంచి నాగేశ్వరి కనబడింది. యూనిఫాం తెల్లచీర కట్టుకుని గోడకున్న చిన్న అద్దం ముందు నిలబడి ఉంది. అద్దంలో మొహమే పడుతుంది కాబట్టి, అద్దాన్ని మేకునుంచి తీసి చేత్తో కిందికి పైకి తిప్పుకుంటూ చీర మొత్తం ముక్కలు ముక్కలుగా చూసుకుంటోంది. అప్పాజీ చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లి, గట్టు మీద దగ్గుకుంటూ మళ్లీ వచ్చాడు. లోపలికి వచ్చేసరికి ఆవిడ పాత చీరలో ఉంది.

అందుకని సరే అనే బదులు, "నేనుంటాను," అన్నాడు.

"ఎక్కడ?"

"ఇంట్లో."

నాగేశ్వరి నవ్వలేదు. దగ్గరికొచ్చి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదని తేలాక, "మీకు పిల్లని ఎత్తుకోవడమే తెలుసు. దించాక ఏం చెయ్యాలో తెలీదు కదండీ," అంది. అప్పాజీ అప్పుడు పెద్ద పెద్ద మాటలు చాలా చెప్పాడు. పది టైర్ల బండిని తిప్పినవాడికి రెండు కాళ్ల పిల్ల ఒక లెక్కా అన్నాడు. 

లారీ యజమాని పెద్దిరాజు గారికి తాళం అప్పగించిన రోజు సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన తాళం వంక, అప్పాజీ వంక చూసి, ఎవరైనా ఎక్కువ జీతం ఆశ పెట్టారేంట్రా అని అడిగాడు.

"లేదండి. పిల్లని చూసుకోవాలండి."

"ఎవరి పిల్లని?"

"మా పిల్లనేనండి."

పెద్దిరాజు గారు తాళం జేబులో వేసుకున్నాడట. "ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటాను. వాడు నచ్చకపోతే నీ ఇంటి ముందుకే బండి తెస్తాను. అప్పుడు రానని మాత్రం అనకు," అన్నాడు. ఆ మాటకి అప్పాజీ ఆయ్ అన్నాడు గాని, అది అవునో కాదో ఇద్దరికీ తెలియలేదు.

నాగేశ్వరి ఉద్యోగంలో చేరింది. మొదటి రోజులు గట్టు మీద జనానికి మంచి కాలక్షేపం. మంగలి దుకాణం దగ్గర కూర్చునేవాళ్లు అప్పాజీ చంకలో పిల్లతో పోతుంటే, ఇవాళ లోడెంతరా, కాటా వేయించావా అని అడిగేవారు. అతనికి అప్పటిదాకా ఉన్న పేరు పోయి నర్సమ్మగారి ఆయన అనే పేరు వచ్చింది. అప్పాజీ అన్నిటికీ నవ్వి తిరుగు సమాధానం పారేసేవాడు. ఇంట్లోకి వచ్చి తలుపేసుకున్నాక మాత్రం ఆ నవ్వు దిగిపోయేది. హేమ తినేది కాదు. తల్లి చేతి ముద్దకి తెరిచే నోరు తండ్రి చేతి ముద్దకి తెరిచేది కాదు. చేతులు డీజిల్ కంపు కొడుతున్నాయేమోనని సున్నిపిండి వేసి తోముకున్నాడు. పప్పన్నం, చారన్నం, పెరుగన్నం, అరటిపండు, అన్నీ అయ్యాయి. పిల్ల పెదాలు బిగించి తలుపువైపు చూసేది. నాగేశ్వరి వారానికోసారి టీకాల సంచిలోంచి వేలాడే కాటా తీసి, దూలానికి కట్టి పిల్లని తూచేది. ముల్లు ముందు వారం కన్నా వెనక్కి పోయింది. ఆవిడ ఏమీ అనకుండా కాటా మడిచి పెట్టేసింది. ఏమన్నా అంటే బాగుండునని అప్పాజీ అనుకున్నాడు.

ఆ రోజుల్లోనే కాలువ కట్టేశారు. ఏటా ఎండాకాలంలో ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపేస్తారు కదా, గట్టు మీద పిల్లలకి అదొక పండగ. నిన్నటిదాకా మనిషి లోతు నీళ్లున్న చోట మెత్తటి ఇసక, అక్కడక్కడా మడుగులు, మడుగుల్లో చేపలు, ఒడ్డున నత్తగుల్లలు. వంతెన కింద నీడ. ఎండకి ఇళ్లు కాగిపోతుంటే ఆడవాళ్లు కూడా పిల్లల్ని తీసుకుని రేవు మెట్లు దిగి ఆ నీడలో కూర్చుంటారు. తాతల నాటి నుంచీ అంతే. అప్పాజీ ఒకరోజు విసిగిపోయి, అన్నం గిన్నె ఒక చేత్తో, పిల్లని ఒక చేత్తో పట్టుకుని వంతెన కిందికి దిగాడు. ఇసకలో పిల్లని కూర్చోబెట్టి, ముద్దని లారీ చేసి, గేర్లు మారుస్తూ, నోటితో ఇంజను మోగిస్తూ, ఘాట్‌రోడ్డు ఎక్కించి దించాడు. హేమ నోరు తెరిచింది. లారీ లోపలికి వెళ్లిపోయింది.

ఆ పూట గిన్నె ఖాళీ అయింది. అప్పాజీ ఆ ఖాళీ గిన్నెని కడగకుండా నాగేశ్వరి వచ్చేదాకా అరుగు మీదే ఉంచాడు.

మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. పిల్ల ఇంట్లో ముద్ద ముట్టేది కాదు, వంతెన కింద వద్దన్నా తినేది. నెల తిరక్కుండానే కాటా ముల్లు ముందుకి వచ్చింది. అప్పాజీ పొంగిపోయి పిల్లకి దారి నేర్పాడు. రేవు దాకా గిన్నె నీ చేత్తో నువ్వే పట్టుకోవాలి, అక్కడ కింద పెట్టి మెట్టు మీద వెనక్కి తిరిగి, చేతులు ఆనించి, ఒక్కో కాలూ దించాలి అని. హేమ బుద్ధిగా నేర్చుకుంది. మధ్యాహ్నం అయ్యేసరికి తనే గిన్నె పట్టుకుని ముందు నడిచేది. వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తరుముతున్నాడనుకుని కిలకిలమంటూ ఇంకా వేగంగా దిగేది. ఇలాంటి పిల్ల జిల్లా మొత్తంలో లేదని, ముందుముందు ఘాట్‌రోడ్లు కూడా ఇలాగే దింపుతుందని మంగలి దుకాణం దగ్గర చెప్పాడు. ఈసారి ఎవరూ ఎదురాడలేదు.

నాగేశ్వరి ఒక్కసారి మాత్రం అడిగింది. కాలువ వదిలాక ఎలాగండీ అని. అప్పటికి ఇంట్లోనే తింటుందిలే అన్నాడతను. మాట తేలిగ్గానే వచ్చింది. ఆవిడ ఇంకేమీ అడగలేదు. పొద్దున మళ్లీ పడవకి వెళ్లాలి.

జూన్‌లో లాకులు ఎత్తారని కబురొచ్చింది. కాలువ వస్తోందంటే గట్టు మీద సందడి వేరు. రైతులు పసుపు కుంకుమ పట్టుకుని వంతెన మీద నిలబడ్డారు. ఎండుటాకులు, నురగ, కొబ్బరి డొక్కలు ముందుకి నెట్టుకుంటూ నీరు నాలుకలా పాకుతూ వస్తుంటే, దాని ముందు పెద్ద పిల్లలు కేకలేస్తూ పరిగెత్తారు. అప్పాజీ కూడా హేమని చంకనేసుకుని చూస్తున్నాడు. నీరు వంతెన కిందికి వచ్చి, పిల్ల కూర్చునే ఇసకని కప్పేసింది. హేమ అటే చూస్తూ అతని చొక్కా లాగి, చెయ్యి చాపి, "అన్నం," అంది.

అప్పాజీకి అప్పుడు తగిలింది. రెండేళ్లు నిండని పిల్లకి, అన్నం వేళ కాగానే ఎవరి తోడూ లేకుండా కాలువలోకి దిగడం తను చేత్తో పట్టుకుని నేర్పాడు. అదీ వెనక్కి తిరిగి దిగడం. నీరు కంటికి కనబడకుండా దిగడం.

ఆ రోజు నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. వాకిలికి తాటాకు తడిక కట్టి, తాడుతో బిగించాడు. గిన్నె ఉట్టి మీద పెట్టాడు. మధ్యాహ్నం కాగానే హేమ తడిక పట్టుకుని ఊపేది, అన్నం అని ఏడ్చేది. ఇంట్లో పెడితే ఉమ్మేసేది. స్నానానికి వెళ్తే తలుపు తెరిచే పోసుకునేవాడు. అన్నం వారుస్తూ మధ్యలో వాకిట్లోకి వచ్చి చూసి, మళ్లీ వెళ్లి, మళ్లీ వచ్చేవాడు. నాగేశ్వరికి చెప్పలేదు. చెబితే ఆ తెల్లచీర మళ్లీ ట్రంకుపెట్టెలోకి పోతుందని అతనికి తెలుసు. పిల్ల చిక్కిందేంటండీ అని ఆవిడ అడిగితే పళ్లొస్తున్నాయన్నాడు. నర్సుతో చెప్పాల్సిన అబద్ధమేనా అది? ఆవిడ పిల్ల నోట్లో వేలు పెట్టి చూసి ఊరుకుంది.

సరిగ్గా ఆ వారంలోనే పెద్దిరాజు గారు అన్నంత పనీ చేశాడు. ఒక మధ్యాహ్నం లారీ వచ్చి అప్పాజీ ఇంటి ముందు ఆగిపోయింది. ఆగడమంటే నిజంగానే ఆగిపోయింది. కొత్త డ్రైవరు చిట్టియ్య ఎంత తిప్పినా స్టార్టు కావడం లేదు. రాజుగారు దిగి, అయిదు నిమిషాలు చూసిపోరా, నీ చేతి బండేగా అన్నాడు. అప్పాజీ పిల్ల వంక చూశాడు. హేమ అరుగు మీద నత్తగుల్లలు పేర్చుకుంటోంది. తడిక దాటి బయటికి వచ్చాడు. తడిక వెనక్కి లాగాడు. తాడు కట్టలేదు, ఇక్కడే ఉన్నాగా అనుకుని.

డీజిల్ లైన్లో గాలి పట్టింది. అప్పాజీకి ఆ సంగతి దూరంనుంచే వాసన తగిలిందట. స్క్రూ వదులు చేసి, పంపు కొడుతుంటే బుడగలు బుడగలుగా డీజిల్ వచ్చింది. బుడగలు ఆగాక బిగించి, కొట్టరా అన్నాడు. ఇంజను అందుకుంది. చాలా రోజుల తర్వాత ఆ మోత అరచేతుల్లోకి వస్తే అప్పాజీ బానెట్ మీద చెయ్యి వేసి అలా ఉండిపోయాడు. చిట్టియ్య ఏదో అడిగాడు, దానికి జవాబు చెప్పాడు. రాజుగారు ఏదో అన్నాడు, దానికి నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి తిరిగాడు.

తడిక ఓరగా ఉంది. అరుగు మీద గుల్లలున్నాయి. పిల్ల లేదు.

గొంతులోకి వచ్చిన పిలుపుని అప్పాజీ పళ్ల మధ్య ఆపేశాడు. పిలిస్తే దిగుతుంది. పిలిస్తే నవ్వుకుంటూ ఇంకా వేగంగా దిగుతుంది. చెప్పులు విడిచి, గట్టు దాటి, రేవు తల మీదికి వచ్చి కిందికి చూశాడు. హేమ నీళ్లకి వీపు పెట్టి, రెండు చేతులూ మెట్టు మీద ఆనించి, ఒక కాలు కిందికి చాపి, మడమతో తడుముతోంది. మెట్టు దొరకడం లేదు. మడమకి నీళ్లు తగులుతున్నాయి, తీసేస్తోంది, మళ్లీ చాపుతోంది. వెనక లారీ ఇంజను మోత. అప్పాజీ ఒక్కో మెట్టూ దిగాడు. పిల్ల తలెత్తి చూసి నవ్వబోయింది. అది ఆట అనుకుని కదలకముందే వంగి గౌను పట్టుకున్నాడు.

పైకి ఎత్తుకున్నాడు. మెట్ల మీదే కూర్చుండిపోయాడు. పెద్దిరాజు గారు గట్టు మీంచి చూసి, చిట్టియ్యతో బండి పోనీరా అన్నాడు.

సాయంత్రం నాగేశ్వరి బస్సు దిగేసరికి అప్పాజీ పిల్లని ఎత్తుకుని స్టాపు దగ్గరే ఉన్నాడు. అక్కడే, నడుస్తూనే మొత్తం చెప్పాడు. వంతెన కింది అన్నం దగ్గర్నుంచి తడిక తాడు దాకా. ఒక్కటి కూడా పెంచి చెప్పలేదు, తగ్గించి చెప్పలేదు. అతని జీవితంలో అలా చెప్పిన సంగతి అదొక్కటే అయ్యుండాలి.

నాగేశ్వరి పిల్లని అందుకుంది.  వాకిట్లోకి వచ్చాక, "మానేస్తానండి," అంది. "రేపు వెళ్లి చెప్పేస్తాను."

"నువ్వుంటే మాత్రం మధ్యాహ్నం అది కాలువలోకి వెళ్లదా?"

ఆవిడ తలెత్తింది.

"ఆ దారి నేర్పింది నేను నాగూ. నువ్వు ఇంట్లో ఉన్నా అది అటే పోతుంది. నేర్పినవాణ్ణి నేనే మాన్పించాలి. మాన్పించలేకపోతే నువ్వు చెప్పినట్టే చేద్దాం. లారీ తాళం నేనే వెళ్లి అడుక్కుంటాను."

ఆవిడ చాలాసేపు పిల్ల అరికాళ్లు తుడుస్తూ కూర్చుంది. చివరికి సెలవు పెడతానంది. ఇంట్లోనే ఉంటాను, కాని లేననుకోండి, నేను కల్పించుకోను, చూస్తాను అంతే అంది. రత్నమాణిక్యం గారు గోడ మీంచి విని, చూడటానికి నేను కూడా వస్తానమ్మా అంది.

మర్నాడు మధ్యాహ్నం నాగేశ్వరి గదిలోకి వెళ్లి తలుపు ఓరగా వేసుకుంది. అప్పాజీ గిన్నెలో అన్నం కలిపి అరుగు మీద పెట్టాడు. హేమ గిన్నె తీసుకుని తడిక దగ్గరికి నడిచింది. అప్పాజీ తాడు విప్పి తనే తడిక తెరిచాడు. లోపల తలుపు కిర్రుమంది. అతను తిరిగి చూడలేదు. పిల్ల వెంటే నడిచి, రేవు తల మీద పై మెట్టుకి అడ్డంగా కూర్చుని, పిల్లని ఒళ్లోకి లాక్కున్నాడు. ఇదిగో నీళ్లు, ఇవాళ ఇక్కడ అన్నం లేదు అన్నాడు. పిల్ల పెనుగులాడింది. గిన్నె విసిరేసింది. అతని చెంప గీరింది. అంతా అయ్యాక లేచి, ఇంట్లోకి తెచ్చి, మళ్లీ అన్నం కలిపి అరుగు మీద పెట్టాడు. హేమ మళ్లీ తడిక దగ్గరికి. మళ్లీ మెట్టు. మళ్లీ నీళ్లు, అన్నం లేదు. ఆ రోజు అతను అలా ఎన్నిసార్లు తిరిగాడో మంగలి దుకాణం వాళ్లు వందా అంటారు, వెయ్యీ అంటారు. వాళ్ల మాటెందుకు గాని, ఎండలో అరికాళ్లు బొబ్బలెక్కాయి. పిల్ల ఏడుపు గట్టు ఆ చివరికి వినబడింది. ఎవరో ఆడమనిషి, అన్నం పెట్టకుండా చంపేస్తున్నాడేంటి పసిదాన్ని అని పైకే అంటూ పోయింది.

గదిలో నాగేశ్వరి తలుపు గడియ పట్టుకుని నిలబడి ఉంది. ఆకలి ఏడుపు ఏదో, మొండి ఏడుపు ఏదో ఆవిడకి బాగా తెలుసు. అది రెండూ కలిసిన ఏడుపు. ఆవిడ బయటికి రాలేదు.

పొద్దు వాలే వేళకి హేమ గొంతు బొంగురుపోయింది. తడిక దాకా వెళ్లి, తెరిచి ఉన్నా దాటకుండా నిలబడి, కాలువ వంక చూసి వెనక్కి వచ్చింది. అరుగు దగ్గర తండ్రి మోకాలికి ఆనుకుని, అతని మొహం చూడకుండా నోరు తెరిచింది. అప్పాజీ ముద్ద పెట్టాడు. ఈసారి ఇంజను మోగించలేదు. ఉత్త ముద్దే పెట్టాడు.

రెండోనాడు ఏడుపు తగ్గింది. మూడోనాడు కాస్త. ఆ వారంలో టీకాల రోజున నాగేశ్వరి తెల్లచీర కట్టుకుంది. బస్సెక్కేముందు తడిక తాడు తన చేత్తో ఒకసారి లాగి చూసి వెళ్లింది.

హేమ బడికి వెళ్లే వయసు వచ్చేదాకా అప్పాజీ ఇంట్లోనే ఉన్నాడు. పెద్దిరాజు గారి లారీ గట్టు మీద పోతూ హారన్ కొడితే తడిక లోపలినుంచే చెయ్యెత్తేవాడు, బయటికి వచ్చేవాడు కాదు. భయం పోయిందా అంటే పోలేదు. నాగేశ్వరికి అసలు పోలేదు. సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకముందు, పిల్లని ముద్దు పెట్టుకుంటున్నట్టు వంగి గౌను అంచు వేళ్లతో నలిపి చూసేది. పొడిగా ఉంటే అప్పుడు చెప్పులు విప్పేది. అప్పాజీ అది చూసేవాడు. ఆవిడ చూస్తోందని తనకి తెలుసునని ఏనాడూ అనలేదు.

ఒక సాయంత్రం అంచు తడిగా తగిలింది. నాగేశ్వరి వంగినదల్లా అలాగే ఉండిపోయింది. వంటింట్లో అప్పాజీ చారు పోపు పెడుతున్నాడు. గరిట ఆగింది.

"పొద్దుటి చారు మీద పోసుకుంది. ఉతికి మళ్లీ తొడిగాను," అన్నాడు లోపలినుంచి.

ఆవిడ గౌను అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన వచ్చింది. కాలువ బురద వాసన కోసం ఇంకోసారి పీల్చింది. అప్పుడు చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది.